మెగాస్క్వర్టా, స్పీడునోనా?

టర్బో కారుకు ఇంజిన్ కంప్యూటర్‌ను సొంతంగా కట్టుకోదలచినవారికి ఈ రెండూ బాగా తెలిసిన పేర్లే. బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో ద్వయం రూపొందించిన మెగాస్క్వర్ట్ పాతకాపు. స్పీడునో ఆర్డునో మెగా 2560 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మీద నడుస్తుంది. ప్రోగ్రామ్ బహిరంగం, ఖర్చు తక్కువ. రెండింటినీ ట్యూనర్‌స్టూడియో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తోనే సరిదిద్దవచ్చు.

నేర్చుకోవడానికైతే స్పీడునో చాలు. టర్బోకు మాత్రం నా మొగ్గు మెగాస్క్వర్ట్‌లోని ఎంఎస్3 మోడల్ వైపే. సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడాన్ని (నాక్) పసిగట్టే నాక్ సెన్సార్ కబురు అందగానే ఇగ్నిషన్‌ను వెనక్కి జరిపే, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేసే ఏర్పాటు అందులో ఉంది. నాక్‌కు పిస్టన్ కరిగాక బోర్డులో మిగిలిన డబ్బు ఏ మూలకు?

ఏది కొన్నా ఇంధనం సంగతి మరువకండి. ఇంజెక్టర్ల దగ్గర 3 బార్ పీడనం ఉంటే, 1 బార్ బూస్ట్‌లో (టర్బో అదనంగా నెట్టే గాలి పీడనం) రెగ్యులేటర్ దాన్ని 4 బార్‌కు పెంచాలి. పీడనం పెరిగేకొద్దీ పంపు పోసే పెట్రోలు తగ్గుతుంది. పాత పంపు అక్కడే చేతులెత్తేస్తుంది.