గిటార్ పెట్టెతో నాలుగు రోజులు: రాజమండ్రి నుంచి నర్సాపురం దాకా

దసరా సెలవులకి గోదావరి జిల్లాలు వెళ్లింది గిటార్ కోసమే. రాజమండ్రి దానవాయిపేటలో గిటార్ నేర్పే మాస్టారు ఒకరు నాకు పదేళ్లుగా పరిచయం. "చేత్తో చేసిన గిటార్ ఒకటి ఆర్డర్ ఇద్దామనుకుంటున్నానండి. ముందు మీది ఒకసారి పట్టుకురండి. వాయించి చూడకుండా అంత డబ్బు ఎలా పెట్టను?" అని రెండేళ్లుగా అడుగుతున్నారు. న్యాయమైన మాటే. ఇలాంటి గిటార్లు షాపు గోడకి వేలాడవు. ఒక షెడ్డు, ఒక మనిషి, ఏడాదికి పది పన్నెండు గిటార్లు. ముందు అడ్వాన్స్ కట్టాలి, ఏడాదో ఆ పైనో ఆగాలి, వచ్చాక గానీ దాని గొంతు తెలియదు. అందుకే మా వాయించేవాళ్లలో, ఉన్నవాళ్లు లేనివాళ్లకి ఒక పూట ఇవ్వడం మామూలు. నర్సాపురంలో ఇంకో మిత్రుడు కూడా చూడాలన్నాడు. ఆ రెండు ఊళ్ల మధ్య కోనసీమ ఉండనే ఉంది. నాలుగు రోజులు పెట్టుకున్నాను.

నా గిటార్ బెంగళూరు శివార్లలో ఒక్కడే పనిచేసుకునే ఒక మేకర్ చేసింది. 14 నెలలు ఆగాను, 1,40,000 రూపాయలు అయింది. పై పలక అలాస్కా, కెనడా తీరాల్లో పెరిగే సిట్కా స్ప్రూస్. వెనక పలక, పక్కలు రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి కర్ర. బ్రెజిల్ రోజ్‌వుడ్ దుంగలు దొరకడం కష్టమయ్యాక అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో మన దక్షిణాది రోజ్‌వుడ్‌కి మారింది. అప్పటి నుంచి ఏ దేశంలో మంచి గిటార్ తిప్పి చూసినా మన అడవుల చెక్క కనిపించడం మామూలైపోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. గట్టి పెట్టెతో గిటార్ తీసుకెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే: ఏసీ బోగీలో పై బెర్త్ తీసుకోండి. పెట్టె కాళ్ల వైపు పెట్టుకుని కొంచెం ముడుచుకుని పడుకోవాలి, నిద్ర సగమే పడుతుంది. కానీ కింద పెడితే రాత్రంతా సూట్‌కేసులు దాన్ని గుద్దుతూనే ఉంటాయి.

రాజమండ్రిలో దిగిన హోటల్ మెయిన్ రోడ్డుకి దగ్గర. రోజుకి 1,800. గది చిన్నదే అయినా కిటికీలు బిగుతుగా మూసుకుంటాయి, ఏసీ నిలకడగా నడుస్తుంది. గిటార్‌తో తిరిగేవాళ్లకి ఇంతకంటే కావలసింది లేదు. పెట్టెలో ఎప్పుడూ చిన్న తేమ మీటర్ ఉంచుతాను. ఆ గదిలో 58 శాతం చూపించింది. 45 నుంచి 55 మధ్య ఉంటే గిటార్‌కి హాయి. రిసెప్షన్‌లో కుర్రాడు పెట్టె మోయబోతే వద్దన్నాను. "అయితే లిఫ్ట్ తలుపు పట్టుకుంటానండి" అన్నాడు. ఉన్న రెండు రోజులూ నేను కనిపించినప్పుడల్లా వచ్చి పట్టుకున్నాడు.

సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన దగ్గర ఫ్యాక్టరీ గిటార్ ఉంది, మంచిదే. ముందు దాని మీద మోహనం కాసేపు వాయించి, తర్వాత నాది అందుకున్నారు. మొదటి తీగ మీటి ఆగిపోయారు. మళ్లీ ఇంకా మెల్లగా మీటారు. ఐదు నిమిషాల దాకా అలా ఒక్కో తీగా మీటుతూ, ఎంత మెల్లగా మీటితే ఇది పలకడం మానేస్తుందో చూస్తున్నారని నాకు అర్థమైంది. అది మానదు. నాకు ఈ గిటార్ మీద ఉన్న ప్రేమంతా అక్కడే ఉంది.

దానికి కారణం చెక్కలోనే ఉంది. మామూలు లైట్ సెట్ తీగలు బిగిస్తే మొత్తం 70 కిలోలకు పైగా లాగుతాయి. ఆ లాగుడిని మోసేది మూడు మిల్లీమీటర్లు కూడా లేని పలక, దాని కింద ఎక్స్ ఆకారంలో అతికించిన బద్దలు. ఫ్యాక్టరీలో ఒకే కొలతతో వేల గిటార్లు చేస్తారు. వాటిలో బలహీనమైన పలక కూడా వారంటీ కాలమంతా తట్టుకోవాలి కాబట్టి అన్నిటికీ కాస్త బరువుగానే కడతారు. అదేం తప్పు కాదు. చేత్తో చేసేవాడికి మాత్రం ఆ ఒక్క పలకే లోకం. వేలితో తట్టి వింటాడు, బద్ద కొంచెం చెక్కుతాడు, మళ్లీ వింటాడు. ఇంకొంచెం చెక్కితే పాడవుతుంది అనే చోటికి రెండడుగుల ముందు ఆగుతాడు. ఎక్కడ ఆగాలో తెలిసిన చేతికే మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం పోతుంది.

"ఏడాది ఆగడమే కష్టం" అన్నారు మాస్టారు. ఎరిక్ క్లాప్టన్ అంతటివాడు కూడా వర్జీనియాలో వేన్ హెండర్సన్ చేసే గిటార్ కోసం ఏళ్ల తరబడి ఆగాడని చెప్పాను. ఆ హెండర్సన్ ఎన్నో ఏళ్లు పల్లెల్లో ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తూనే గిటార్లు చేసినవాడు. మాస్టారికి క్లాప్టన్ కంటే ఆ పోస్ట్‌మన్ సంగతే నచ్చింది.

మర్నాడు తెల్లారకముందే పుష్కర ఘాట్‌లో కూర్చుని వాయించుదామని వెళ్లాను. చోటు ఎంత అందంగా ఉన్నా శబ్దానికి పనికిరాదు. గాలి మొత్తం లాక్కుపోతుంది. నదికి ఎదురుగా ఊరికే కూర్చోవడానికి వెళ్లండి.

రావులపాలెం దాకా ఆర్టీసీ బస్సు. పెట్టె చూసి కండక్టర్ గారు డ్రైవర్ వెనక సీటు చూపించి, "దీన్ని ఒళ్లో పెట్టుకోండి, రోడ్డు కుదుపులుంటాయి" అన్నారు. అక్కడి నుంచి ఆత్రేయపురానికి ఆటో. పూతరేకులు తీసేచోట పావుగంట నిలబడ్డాను. కాలిన కుండ మీద తడిగుడ్డ ఇలా లాగి తీసేసరికి రేకు సిద్ధం. "ఎండలో ఆటోలో పెట్టే ఉంచండి, నేను చూసుకుంటాను" అన్నాడు ఆటో అబ్బాయి. గిటార్ జిగురు ఎండ వేడికి మెత్తబడుతుంది, మూసిన బండిలో అయితే గంట చాలు తీగలు బిగించే బ్రిడ్జి పలక మీంచి ఊడి రావడానికి. అందుకని పెట్టె భుజానికి తగిలించుకునే పూతరేకులు కొన్నాను. నెయ్యి బెల్లం రకం తీసుకోండి, పంచదారది ఎక్కడైనా దొరుకుతుంది.

రెండో రాత్రి దిండిలో, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఒక రిసార్టులో. ఫోటోల్లో ఉన్నట్టే కొబ్బరిచెట్లు, నీళ్లు, దూరంగా హౌస్‌బోట్లు. గది 4,500. చేపల పులుసు చాలా బాగుంది. కానీ రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. జనరేటర్ ఉందని బుకింగ్‌లో చెప్పారు, తీరా అది వరండా దీపాలకే. ఏసీ ఆగాక గది తలుపులు తెరవక తప్పలేదు. నది మీద నుంచి తేమ గాలి లోపలికి వచ్చేసింది. ఏసీ ఉందన్న ధైర్యంతో గిటార్‌ని పెట్టెలోంచి తీసి మంచం మీద ఉంచి, నిద్రపోయాను. పొద్దున మీటర్ 84 చూపించింది. గిటార్ గొంతు జలుబు చేసినట్టు ముద్దగా ఉంది. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర తీగ ఎత్తు 2.4 మిల్లీమీటర్ల నుంచి 2.8కి పెరిగింది. పలక తేమ పీల్చి ఉబ్బిందన్నమాట. చెప్పొద్దూ, చాలా టెన్షన్ పడ్డాను. ఫిర్యాదు చేస్తే మేనేజర్ మర్యాదగానే విన్నారు, బిల్లులో మాత్రం పైసా తగ్గించలేదు. గిటార్‌తో వెళ్లేవాళ్లు జనరేటర్ గదికి వస్తుందా, వరండాకే వస్తుందా అని అడిగి మరీ బుక్ చేసుకోండి.

ఉదయం ఏడున్నరకి మేకర్‌కి ఫోన్ చేశాను. ఆయన కంగారు పడలేదు. ముందు తీగ ఎత్తు, తేమ అంకెలు అడిగారు. "మీ పలక మందం నేను 2.6 మిల్లీమీటర్లకి దించాను, గుర్తుంది. అది మిగతావాటికంటే తొందరగా ఉబ్బుతుంది, తొందరగానే దిగుతుంది. తీగలు ఒక స్వరం దించండి. సిలికా జెల్ పొట్లాలు పెట్టెలో వేసి మూసెయ్యండి. మెడలోని ట్రస్ రాడ్ కడ్డీ మాత్రం ముట్టుకోకండి" అన్నారు. మూడేళ్ల కింద చేసిన పలక మందం కాగితం చూడకుండా చెప్పారు. నేను ఎన్నో హోటళ్లలో ఉన్నాను, ఎన్నో కస్టమర్ కేర్లకి ఫోన్ చేశాను. ఇలా నా వస్తువు గురించి నాకంటే ఎక్కువ గుర్తున్న మనిషి ఎప్పుడూ ఫోన్ ఎత్తలేదు. సిలికా జెల్ రాజోలులో ఒక కెమెరా షాపులో దొరికింది.

మూడో రోజు బస రాజోలు దగ్గర లంక ఊరిలో, అతిథులకి ఇస్తున్న ఒక పాత మండువా లోగిలి. భోజనంతో కలిపి 2,500. ఏసీ లేదు, అందుకే భయపడుతూనే వెళ్లాను. తేమ అక్కడా 76 ఉంది. కానీ ఎత్తైన పెంకుల కప్పు, నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం. గాలి ఒకచోట నిలబడి మగ్గదు. గిటార్‌ని పెట్టెలోనే ఉంచి, వాయించేటప్పుడే తీశాను.

వాయించింది రాత్రి భోజనాలయ్యాక. నాలుగు రోజుల్లో నేను మరిచిపోలేనిది ఆ అరగంట. టేకు స్తంభాలు, నున్నటి గచ్చు, మీద పెంకులు. గచ్చు శబ్దాన్ని వెనక్కి ఇస్తుంది, పెంకులు దానిలో కరుకుదనం తీసేస్తాయి, మిగిలింది మండువాలోంచి పైకి పోతుంది. దానివల్ల స్వరం సాగుతుందే గానీ గింగురుమనదు. ఒక స్వరం వదిలి తర్వాతది అందుకునే లోపు మొదటిది వసారా చుట్టూ తిరిగి రావడం వినిపించింది. జలుబు గొంతుతో కూడా గిటార్ అక్కడ అంత బాగా పలికింది. స్టూడియోకి డబ్బు కట్టి రికార్డింగ్ చేసిన రోజులున్నాయి నాకు, ఏ గదీ దీనికి సాటి రాదు.

ఇంటావిడ, అత్తయ్య గారూ అని పిలిచాను, చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారట. గిటార్ బొక్కలోకి తొంగి చూసి "ఇది పనస కాదు కదా బాబూ?" అన్నారు. బొబ్బిలి వీణలు పనస కర్రతోనే చేస్తారు, ఏకాండి అయితే మొత్తం ఒకే దుంగలోంచి తొలుస్తారు. "పనస వాయించేకొద్దీ తెరుచుకుంటుంది. దీనికీ అంతేనా?" అని అడిగారు. స్ప్రూస్ పలక గురించి మావాళ్లు చెప్పుకునేది కూడా అదే. రోజూ వాయించిన గిటార్ గొంతు ఏటేటా విప్పుకుంటుందని నమ్మనివాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

మర్నాడు చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా నర్సాపురం. ఒకప్పుడు గోదావరిలో కొట్టుకొచ్చిన టేకు దుంగలతో ఈ తీరంలోనే ఓడలు కట్టేవారు. స్టేషన్ దగ్గర లాడ్జి 900, ఒక పూటకి సరిపోతుంది, రాత్రికి వద్దు. దోమలు.

అక్కడి మిత్రుడు చర్చిలో గిటార్ వాయిస్తాడు. 1830ల నుంచే మిషనరీలు ఉన్న ఊరు కదా, గిటార్ తెలిసిన చేతులు ఇంటికొకటి ఉంటాయి. "వందనాలండి" అని ఎదురొచ్చి, అక్కడే బెంచీ మీద కూర్చుని గంటసేపు వాయించాడు. తర్వాత గిటార్‌ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, "నాకొద్దు బ్రదర్" అన్నాడు. నేను అడక్కుండానే కారణం చెప్పాడు. ఆదివారం రెండు ఆరాధనలు, వారంలో నాలుగు రాత్రులు ఇళ్లల్లో ప్రార్థనలు, బండి మీద వానలో ప్రయాణం. గిటార్ రాత్రంతా చర్చిలోనే ఉంటుంది, తేమ 85. శబ్దం ఎటూ పికప్ మైకులోంచి మిక్సర్‌కి పోతుంది. "మీరు మీ చెవితో వినేది మా జనానికి బాక్సుల్లోంచి వినపడదు. ఇది తెచ్చి నేను భయపడుతూ వాయించాలా?" ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. పదిమంది చేతులు పడి, వానలో తడిసి, మర్నాడు మళ్లీ పలకాల్సిన గిటార్‌ని ఫ్యాక్టరీయే బాగా చేస్తుంది. దగ్గర కూర్చుని వినేవాడికి, మెల్లగా మీటేవాడికి, పక్కన తేమ మీటర్ పెట్టుకునే ఓపిక ఉన్నవాడికి మాత్రం చేత్తో చేసినదానికి ఖర్చు పెట్టమని చెబుతాను.

ఆ రాత్రి నర్సాపురం నుంచే రైలెక్కాను. హైదరాబాద్‌లో నాలుగు రోజులకి తీగ ఎత్తు 2.4కి దిగింది. గొంతు కూడా తిరిగొచ్చింది. మాస్టారు ఆర్డర్ ఇచ్చారు. మేకర్ ఆయన్ని ముందు డబ్బు అడగలేదు, కుడిచేత్తో మీటుతుండగా దగ్గరగా తీసిన వీడియో పంపమన్నారట.

పోయిన వారం నాకు బెంగళూరు నుంచి చిన్న పొట్లం వచ్చింది. లోపల ఎముకతో చేసిన ఇంకో శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే చిన్న బద్ద) ఉంది, నాదానికంటే కొంచెం పొట్టిది. తేమ ఊళ్లకి వెళ్లినప్పుడు మార్చుకుంటే తీగలు ఎత్తు కావు. దాని అడుగున పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసి ఉంది: గోదావరి.