కోఠిలో ఆరొందలకి కొన్న లాజిక్ ఎనలైజర్, ఆర్నెల్లు వాడాక

లాజిక్ ఎనలైజర్ అంటే వైర్లలో సిగ్నల్ ఎప్పుడు హై (ఓల్టేజ్ ఉంది) అయింది, ఎప్పుడు లో (లేదు) అయింది అని టైమ్‌తో సహా పట్టి కంప్యూటర్‌లో చూపించేది. నాది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల డబ్బా, మీద 24 మెగాహెర్ట్జ్ 8 ఛానల్ (సెకనుకి 2.4 కోట్ల సార్లు, 8 వైర్లని చూస్తుందని) అని స్టిక్కర్, కంపెనీ పేరు ఎక్కడా లేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆరొందల యాభై చెప్పి ఆరొందలకి ఇచ్చాడు. బిల్లు అడిగితే నవ్వాడు, పనిచెయ్యకపోతే ఎట్లా అంటే "చేస్తది అన్నా, వాపస్ మాత్రం లేదు" అన్నాడు. బండి మీద పోకండి, పెట్టే చోటు దొరకదు, మెట్రోలో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగి నడవడం నయం.

ఎందుకు కొన్నానంటే, మాది బాలానగర్‌లో చిన్న కంపెనీ, పౌచ్ ప్యాకింగ్ మిషన్లకి కంట్రోలర్లు చేస్తాం. లోపల రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, దాని లినక్స్ 6.1 కెర్నల్‌కి ప్రీఎంప్ట్ ఆర్‌టీ ప్యాచ్ (అర్జెంటు పనులు ఆలస్యం కాకుండా చూసే మార్పు) వేసి వాడుతున్నాం. ప్రోగ్రామ్‌లో ఒక థ్రెడ్ (విడిగా నడిచే భాగం) ఐమార్క్ సెన్సర్‌ని, అంటే ఫిల్మ్ మీద ఎక్కడ కొయ్యాలో చెప్పే గుర్తుని పట్టే సెన్సర్‌ని చూస్తూ ఉంటుంది, మార్క్ కనపడగానే పోసిక్స్ మెసేజ్ క్యూలో (థ్రెడ్ల మధ్య మెసేజ్‌లు మోసే వరస) మెసేజ్ వేస్తుంది, ఇంకో థ్రెడ్ అది అందుకుని కట్టర్ సోలనాయిడ్ (కట్టర్‌ని కదిపే కరెంటు అయస్కాంతం) కొడుతుంది, అంతే కథ. రోజంతా బాగానే కోసేది, ఎప్పుడో ఒక పౌచ్‌ని మాత్రం పక్కకి జరిపి కోసేది, కస్టమర్ స్కేలు పెట్టి మరీ ఫొటో తీసి వాట్సాప్‌లో పడేసేవాడు, మేమేమో మా లాగ్ పంపి "చూడండి సార్, మెసేజ్ చేరడానికి సగటు 12 మైక్రోసెకన్లే, మా దగ్గర ప్రాబ్లమ్ లేదు" అనేవాళ్ళం.

డబ్బా తెచ్చాక చేసిన పని చాలా సింపుల్. ఎంక్యూ సెండ్ (క్యూలో మెసేజ్ వేసే ఫంక్షన్) పిలిచే ముందు ఒక జీపీఐఓ పిన్ని (బోర్డు మీద ప్రోగ్రామ్‌తో ఆన్ ఆఫ్ చేసే పిన్) హై చేశా, అవతలి థ్రెడ్‌లో ఎంక్యూ రిసీవ్ (మెసేజ్ అందుకునే ఫంక్షన్) నుంచి బయటికి రాగానే ఇంకో పిన్ హై. రెండు పిన్నులకీ రెండు వైర్లు, ఒక గ్రౌండ్, ల్యాప్‌టాప్‌లో ఆ గీతలు చూపించే పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్, రెండు అంచుల (గీత లో నుంచి హైకి మారే చోట్ల) మధ్య దూరమే లేటెన్సీ, అంటే మెసేజ్ చేరడానికి పట్టిన టైమ్. కోడ్ ఏం చెప్పుకుంటుందో దీనికి అక్కర్లేదు, బయట నిలబడి సొంత గడియారంతో చూస్తుంది. మొదట్లో పిన్నుని సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్లో (కెర్నల్ చూపించే ఫైలు) రాసి మార్చా, అది తప్పు, ఆ రాయడానికే సిస్టమ్ కాల్ (కెర్నల్‌ని పిలవడం) టైమ్ పోతుంది, తర్వాత జీపీఐఓ మెమ్‌ని ఎంమ్యాప్ చేసి (ఆ పిన్నుల మెమరీని ప్రోగ్రామ్‌కి తగిలించి) నేరుగా చిప్ రిజిస్టర్లోకి రాశా.

ఇంకో అరగంట ఎక్కడ పోయిందంటే, డబ్బా మీద సీహెచ్1 నుంచి సీహెచ్8 అని ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో డీ0 నుంచి డీ7 అని ఉంటుంది. నేను సీహెచ్1కి పెట్టి డీ1 చూస్తూ కూర్చున్నా, గీత కదలదు, షాపాయన్ని తిట్టుకున్నా, పాపం.

మామూలు మెసేజ్‌లు 20 నుంచి 40 మైక్రోసెకన్ల మధ్య వచ్చాయి, సిస్టమ్ మీద కావాలని లోడ్ పెట్టినా 90 దాటలేదు. మరి లాగ్‌లో 12 ఎక్కడిది? కోడ్ తీసి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పంపిన టైమ్‌ని ఎంక్యూ సెండ్ అయిపోయాక నోట్ చేస్తున్నాం. రిసీవర్ ప్రయారిటీ 80, పంపేది 60 (నంబర్ పెద్దదైతే ముందు దానికే అవకాశం), ఇద్దరూ ప్రాసెసర్‌లో ఒకే కోర్ మీద పడ్డప్పుడల్లా సెండ్ ఇంకా వెనక్కి రాకముందే రిసీవర్ లేచి దీన్ని పక్కకి తోసి తన పని చేసేసుకుంటుంది, అంటే లెక్కలో మెసేజ్ పంపకముందే చేరింది, మైనస్ మైక్రోసెకన్లు! అది చూసి ఎవరో పెద్దమనిషి మైనస్ వస్తే సున్నా చెయ్యి అని ఒక లైన్ రాసి పెట్టాడు. సున్నాలన్నీ కలిసి సగటు ముచ్చటగా కనపడింది. ఆ ఎవరో ఎవరని గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు రాశారో చూపించే కమాండ్) కొట్టా, నేనే.

అసలు దొంగ మాత్రం మూడో రోజు దొరికింది. గంటలకొద్దీ పట్టాలంటే పల్స్‌వ్యూ వల్ల కాదు, డబ్బాకి సొంత మెమరీ లేదు, వచ్చింది వచ్చినట్టు యూఎస్‌బీలో తోసేస్తుంది, 8 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకి 8 ఎంబీ, గంటకి దాదాపు 29 జీబీ. అందుకని సిగ్‌రోక్‌ని (పల్స్‌వ్యూ వెనకున్న సాఫ్ట్‌వేర్) కమాండ్ లైన్‌లో నడిపి, అంచులు మాత్రమే దాచే చిన్న సీ ప్రోగ్రామ్‌లోకి పైప్ చేశా. సాయంత్రానికి ఒక మెసేజ్ 41 మిల్లీసెకన్లు. మైక్రో కాదు, మిల్లీ. తర్వాత ఇంకొన్ని, ఏదీ 50 దాటలేదు, ఆ 50 చూడగానే అనుమానం వచ్చింది. డీమెసేజ్ (కెర్నల్ లాగ్) తీస్తే ఒకే ఒక్క లైన్, ఆర్‌టీ థ్రాట్లింగ్ యాక్టివేటెడ్ (రియల్‌టైమ్ థ్రెడ్లని కాసేపు ఆపాను) అని, కెర్నల్ అది ఒక్కసారే చెప్పి ఊరుకుంటుంది, మేం ఎప్పుడూ చూడలేదు.

జరిగింది ఏంటంటే, అదే కోర్ మీద మాడ్‌బస్ (మిషన్లో పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) థ్రెడ్ ఒకటి ఉంది, షెడ్ ఫిఫో (అంటే ఇదీ రియల్‌టైమే), ప్రయారిటీ 40. అవతల డ్రైవ్ (మోటార్‌ని నడిపేది) జవాబివ్వకపోతే వైల్ లూప్‌లో గిర్రున తిరుగుతూ ఉంటుంది. మేం వాడే ఈ కెర్నల్‌లో డిఫాల్ట్‌గా రియల్‌టైమ్ థ్రెడ్లకి సెకనులో 950 మిల్లీసెకన్లే ఇస్తారు, అది తినేస్తే మిగతా 50లో ఆ కోర్ మీద రియల్‌టైమ్ వాళ్ళందరూ ఆగాల్సిందే, 80 వాడైనా సరే. మనం 80 పెట్టాం ఇంకేం భయం అనుకుంటాం కదా, అదే పొరపాటు. ఫిల్మ్ సెకనుకి 300 మిల్లీమీటర్లు నడిస్తే 50 మిల్లీసెకన్లకి 15 మిల్లీమీటర్లు జరుగుతుంది, కస్టమర్ స్కేలు చూపించింది 12. రోజుకి 50 వేల పౌచ్‌లలో ఇట్లాంటిది ఒకటి కలిస్తే సగటు పెరిగేది 0.8 మైక్రోసెకను, లాగ్‌లో ఎవడికి కనపడుతుంది. ఆ లిమిట్‌ని మైనస్ 1 పెట్టి తీసెయ్యమన్నారు ఒకరు, అప్పుడు ఆ లూప్ కోర్‌నే మింగేస్తుంది, నేను లూప్ తీసి పోల్‌తో (జవాబు కోసం ఎదురుచూసే సిస్టమ్ కాల్) నిద్రపోయేలా చేశా.

మళ్ళీ డబ్బా సంగతికొస్తే, లోపల సైప్రెస్ ఎఫ్ఎక్స్2 చిప్, కంప్యూటర్‌కి మాత్రం సాలియే (పేరున్న ఎనలైజర్ కంపెనీ) అని అబద్ధం చెప్పుకుంటుంది, సిగ్‌రోక్ ఫర్మ్‌వేర్‌తో వాడండి. 24 అనేది స్టిక్కర్ మీద మాటే, నా ల్యాప్‌టాప్‌లో హబ్ ద్వారా పెడితే మధ్యలో ఆగిపోతుంది, 8 మెగాహెర్ట్జ్‌లో ఒక శాంపిల్ 125 నానోసెకన్లు, మైక్రోసెకన్ల పనికి అది చాలు. ఓల్టేజ్ ఎంతుందో చూపించదు, హై లో అంతే.

వైర్లు దరిద్రం. వారానికి రెండు లూజ్, గ్రౌండ్ వైర్ పొడుగైతే లేని అంచులు కూడా కనపడతాయి. ఇంకోటి, 5 ఓల్ట్‌ల దాకానే, మా కుర్రాడు ప్యానెల్‌లో 24 ఓల్ట్‌ల సెన్సర్ లైన్ మీద గుచ్చాడు, పొగ కూడా రాలేదు, చప్పుడు లేకుండా పోయింది. రెండోసారి వెళ్తే అదే షాపాయన అదే డబ్బా ఆరొందల యాభైకి రూపాయి తగ్గనన్నాడు, "మొన్నే తగ్గించినా గదా అన్నా" అని. పక్క షాపులో మంచి జంపర్ వైర్లు ఎనభై పెట్టి విడిగా తీసుకున్నా, మీరూ మొదటిసారే అట్లా తీసుకోండి.