రేడియాలజీ విద్యార్థికి ఇంగ్లిష్: రేడియోపీడియా, రేడియాలజీఇన్ఫో, పేషెంట్ ఫైలు – ఏళ్ల తరబడి వాడాక

ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివి డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా)లోనో, బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీలోనో చేరిన విద్యార్థికి ఫిజిక్స్ కంటే ముందు అడ్డొచ్చేది ఇంగ్లిషే. అందుకని చాలామంది ముందు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరతారు. అక్కడ నేర్పేది తప్పు కాదు. కానీ సీటీ రూమ్‌లో చేతికొచ్చే రిక్వెస్టు ఫారంలో పూర్తి వాక్యం ఒక్కటీ ఉండదు. ‘కె/సి/ఓ డీఎం, హెచ్‌టీఎన్. సి/ఓ లెఫ్ట్ సైడెడ్ వీక్‌నెస్ సిన్స్ మార్నింగ్. ఆర్/ఓ సీవీఏ.’ అంతే. షుగరు, బీపీ ఉన్న మనిషికి పొద్దుటి నుంచి ఎడమ వైపు పట్టు తప్పింది, స్ట్రోక్ (సీవీఏ) ఉందో లేదో చూడమని దానర్థం. దీన్ని చదవడానికి గ్రామర్ అక్కర్లేదు, అలవాటు కావాలి. ఆ అలవాటుకి నేను చాలాకాలంగా వాడుతున్నవి, విద్యార్థులతో వాడిస్తున్నవి మూడు: రేడియోపీడియా, రేడియాలజీఇన్ఫో అనే రెండు ఉచిత సైట్లు, ఆస్పత్రిలోని పేషెంట్ ఫైలు. మూడింటిలో ఫైలుకే పెద్దపీట వేస్తాను. కారణం ముందుకెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

ఫైలుని కాగితం నడిచే వరసలోనే చదవాలి. ముందు రిక్వెస్టు, తర్వాత పేషెంటుని అడిగి రాసే హిస్టరీ, తర్వాత స్కాన్ టెక్నిక్, చివర్న రిపోర్టు. చాలామంది నేరుగా రిపోర్టుకి పోతారు, అక్కడి పొడుగాటి పదాలు చూసి బెదిరిపోతారు. నిజానికి స్కాన్ తీసే రేడియోగ్రాఫర్ చేతుల్లో తప్పు జరిగేది రిక్వెస్టు దగ్గరే.

రిక్వెస్టు ఫారంలో పొట్టి అక్షరాలే ఎక్కువ. సి/ఓ అంటే పేషెంటు చెప్పుకునే బాధ, హెచ్/ఓ అంటే గతంలో జరిగింది, కె/సి/ఓ అంటే ఇప్పటికే నిర్ధారణ అయిన జబ్బు, ఎస్/పీ అంటే ఫలానా ఆపరేషన్ అయ్యాక. అన్నిటికంటే ఎక్కువ తప్పుగా చదివేది ఆర్/ఓ. అది ‘ఉందో లేదో చూడండి’ అన్న ప్రశ్న. విద్యార్థులు దాన్ని జబ్బు పేరుగా తీసుకుని హిస్టరీలో ‘పేషెంటుకి సీవీఏ ఉంది’ అని ఎక్కించేస్తారు. అది చదివి రిపోర్టు రాసే డాక్టరుకి, అంటే రేడియాలజిస్టుకి, స్ట్రోక్ ముందే ఖాయమైనట్టు కనిపిస్తుంది. హ్యాష్ గుర్తు కనిపిస్తే ఫ్రాక్చర్, త్రికోణం గుర్తు కనిపిస్తే డయాగ్నసిస్.

ఒకే పొట్టి మాటకి రెండు అర్థాలుంటే అడిగిన పరీక్షని బట్టి తేల్చుకోవాలి. పీఈ అని రాసి సీటీ పల్మనరీ యాంజియో అడిగితే అది పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డు). అదే పీఈ రాసి ఛాతీ అల్ట్రాసౌండ్ అడిగితే ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు). ఎంఎస్ అంటే ఎమ్మారై బ్రెయిన్ రిక్వెస్టులో మల్టిపుల్ స్క్లెరోసిస్, గుండె ఫైల్లో మైట్రల్ స్టెనోసిస్. ఆర్‌టీఏ క్యాజువాలిటీ నుంచి వస్తే రోడ్డు ప్రమాదం, నెఫ్రాలజీ నుంచి వస్తే రీనల్ ట్యూబ్యులర్ ఎసిడోసిస్. పరీక్షకీ పొట్టి మాటకీ పొంతన కుదరకపోతే ఊహించకుండా వార్డుకి ఫోన్ చేయాలి. ఫోన్లో ఇంకో చిక్కుంది. ఇలియం అనే మాట వినడానికి ఒకటే, కానీ ఇంగ్లిష్ రాతలో ఐ ఉంటే తుంటి ఎముక, ఈ ఉంటే చిన్నపేగు చివరి భాగం. హైపో, హైపర్ కూడా అంతే, డిక్టేషన్ వినేటప్పుడు ఒకదాని చోట ఒకటి పడిపోతాయి. వీటిని అక్షరం అక్షరం పలికి ఖాయం చేసుకోవడం మొదటి నెలనుంచే అలవాటు కావాలి. కుడి, ఎడమలను ఎప్పుడూ పూర్తి పదంగానే రాయించండి. చేతిరాతలో ఆర్‌టీ, ఎల్‌టీ ఒకలాగే కనబడతాయి.

ఇక హిస్టరీ. ఇక్కడ పేషెంటు తెలుగు, మనం రాసే ఇంగ్లిష్. మన జిల్లాల్లో పనిచేసేవాళ్లకి ఏ కోర్సూ నేర్పనిది ఈ మధ్య ఉన్న దూరమే. ‘నీరసంగా ఉంది’ అంటే చాలామంది ‘వీక్‌నెస్’ అని రాసేస్తారు. బ్రెయిన్ స్కాన్ రిక్వెస్టులో ఆ ఒక్క మాట కనబడితే రేడియాలజిస్టు కాలో చెయ్యో పడిపోయిందనుకుంటారు. ఒళ్లంతా నీరసమైతే ‘జనరలైజ్డ్ వీక్‌నెస్’ అనాలి. చెయ్యో కాలో లేవకపోతే ఏ వైపు, ఎప్పటినుంచి అన్నదీ రాయాలి. ‘నరం’ అని పేషెంటు అన్నప్పుడు అది నెర్వ్ కావచ్చు, వెయిన్ కావచ్చు. కాలి నరాలు ఉబ్బాయంటే వెయిన్స్, నరం లాగుతోందంటే చాలాసార్లు నడుం నుంచి దిగే నొప్పి. చూపించమని అడిగితే గాని తెలీదు. ‘గుండెల్లో నొప్పి’ని ‘చెస్ట్ పెయిన్’ అనే రాయాలి, ‘హార్ట్ పెయిన్’ అని కాదు. అది గుండెదో కాదో తేల్చడం మన పని కాదు. ‘కిడ్నీ నొప్పి’ అన్నా అంతే, ‘లాయిన్ పెయిన్’ (నడుం పక్కన నొప్పి) అని రాసి వైపు రాయాలి. ‘గడ్డ’ మరీ ప్రమాదం. చీముగడ్డ, కొవ్వుగడ్డ, కేన్సర్ గడ్డ అన్నిటికీ జనం వాడేది ఆ ఒక్క మాటే. అందుకని ‘స్వెల్లింగ్’ లేదా ‘లంప్’ అని రాసి ఆగాలి, ‘ట్యూమర్’ అని మన చేత్తో రాయకూడదు. మా విభాగంలో బాగా పనిచేసిన పద్ధతి ఇది: ముందు పేషెంటు అన్న మాటను యథాతథంగా తెలుగులో నోట్ చేసుకోవాలి, రెండు ప్రశ్నలు అడగాలి, అప్పుడే ఇంగ్లిష్‌లోకి మార్చాలి.

కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఇచ్చే ముందు అడిగే ప్రశ్నలు విడిగా కంఠస్థం కావాలి. ఆస్తమా ఉందా, ఇంతకు ముందు ఇంజెక్షన్ పడలేదా, క్రియాటినిన్ ఎంత, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా. పేషెంటు మెట్‌ఫార్మిన్ అని చెప్పడు, ‘షుగర్ బిళ్ళ’ అంటాడు. స్ట్రిప్పు చూసి, బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవడం కూడా ఇంగ్లిష్ పాఠమే. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ని బట్టి లెక్కగట్టే కిడ్నీ వడపోత వేగం) 30 కంటే తక్కువ ఉన్నవాళ్లకి కాంట్రాస్ట్ ఇచ్చాక 48 గంటలు ఆ మందు ఆపి, కిడ్నీ పనితీరు మళ్లీ చూశాకే మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ చెబుతుంది. మీ సెంటర్ ప్రొటోకాల్ ఇంతకంటే గట్టిగా ఉంటే దాన్నే పాటించాలి.

ఇలా పేషెంటుతో మాట్లాడే తేలికైన ఇంగ్లిష్‌కి రేడియాలజీఇన్ఫో మంచి చోటు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, ఆర్‌ఎస్‌ఎన్‌ఏ (రేడియలాజికల్ సొసైటీ ఆఫ్ నార్త్ అమెరికా) కలిసి పేషెంట్ల కోసమే నడుపుతున్న సైటు. పరీక్షకి ఎలా సిద్ధపడాలి, యంత్రం ఎలా పనిచేస్తుంది, లోపల ఏం జరుగుతుంది అని చిన్న వాక్యాల్లో చెబుతుంది. ఒక పేజీ చదివి అదే విషయాన్ని పేషెంటుకి చెబుతున్నట్టు తెలుగులో, మళ్లీ ఇంగ్లిష్‌లో చెప్పించండి. వారానికి ఒక పరీక్ష చాలు. సైటు ఇంగ్లిష్, స్పానిష్‌లలోనే ఉంది. తెలుగు మాటలు మనమే కూర్చుకోవాలి, అది కూడా మంచి కసరత్తే.

అల్ట్రాసౌండ్ గదిలోకి వెళ్తే ఇంగ్లిష్‌తో పాటు చట్టమూ వస్తుంది. గర్భంలో ఆడా మగా తేల్చి చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్ నింపాలి. అందులో లోపం గాని తప్పు గాని ఉంటే, కాదని నిరూపించుకుంటే తప్ప అదీ ఉల్లంఘన కిందే లెక్క. కాబట్టి ‘ఇండికేషన్’, ‘ఎల్‌ఎంపీ’ (చివరి నెలసరి తేదీ), ‘రిఫర్డ్ బై’ అన్న గళ్లలో ఏం అడుగుతున్నారో అర్థం కాకుండా ఒక్క గడి కూడా నింపనివ్వకండి.

రికార్డు అంటే కాగితం ఒక్కటే కాదు, కన్సోల్‌లో కొట్టే వివరాలు కూడా. స్కాన్ బొమ్మలన్నీ పాటించే డైకామ్ అనే ప్రమాణం లెక్కలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఎనిమిది అంకెలు. వయసు నాలుగు అక్షరాలు: 45 ఏళ్లకి 045వై, ఆరు నెలలకి 006ఎం. మనవాళ్ల పేర్లతో ఇక్కడే గొడవ. ఒకసారి ఇనిషియల్ ముందు, ఇంకోసారి వెనక, మూడోసారి ఇంటిపేరు మొత్తం. అదే మనిషి పాత సీటీ వెతికితే దొరకదు, రేడియాలజిస్టు పోల్చి చూడలేరు. ఆస్పత్రి ఐడీ నంబరుతోనే వెతకడం, పేరు మాత్రం మొదటి రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే కొట్టడం ఒక్కటే మార్గం.

పాఠానికి వాడే ఫైళ్ల నుంచి పేరు, ఐడీ, ఫోన్, అడ్రసు, పుట్టిన తేదీ, యాక్సెషన్ నంబరు (ఒక్కో పరీక్షకి ఇచ్చే నంబరు) తీసేయాలి. వాట్సాప్ గ్రూపులో రిపోర్టు ఫొటో పెట్టి ‘దీని అర్థం ఏంటి’ అని అడగడం చాలాచోట్ల అలవాటైపోయింది. అది ఆపాల్సిందే, పేషెంటు మనల్ని నమ్మి ఇచ్చిన సమాచారం అది. అల్ట్రాసౌండ్ బొమ్మల్లో పేరు బొమ్మలోనే ముద్రపడి ఉంటుంది. డైకామ్ హెడర్ (ఫైల్లో వివరాలుండే భాగం) తుడిస్తే పోదు, ఆ పైభాగాన్ని నల్లగా కప్పాలి లేదా కత్తిరించాలి.

టెక్నిక్‌కి, రిపోర్టు భాషకి రేడియోపీడియాను మించినది ఉచితంగా నాకింకా కనబడలేదు. ఆస్ట్రేలియాకి చెందిన న్యూరోరేడియాలజిస్టు ఫ్రాంక్ గేలార్డ్ 2005లో మొదలుపెట్టిన సైటు ఇది. డాక్టర్ల కోసం అనుకుంటారు గాని, ఎక్స్‌రే వ్యూలకి విడి పేజీలున్నాయి. చెస్ట్ పీఏ (వెనక నుంచి ముందుకి తీసే ఛాతీ ఎక్స్‌రే) పేజీ తీస్తే పేషెంటు ఎలా నిలబడాలి, ఊపిరి ఎప్పుడు పట్టాలి, సెంటరింగ్ ఏడో థొరాసిక్ వెన్నుపూస దగ్గర, దూరం 180 సెం.మీ. అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఆ మూసే మనకి వరం. ఒక పేజీ పదాలు వస్తే మిగతా వ్యూల పేజీలు వాటంతటవే అర్థమవుతాయి.

కేసుల్ని క్విజ్ మోడ్‌లో తెరిస్తే డయాగ్నసిస్ కనబడదు. బొమ్మ చూసి మూడే వాక్యాలు రాయించండి: ఎక్కడ, ఎంత సైజు, ఎలా కనబడుతోంది. తర్వాత అక్కడి వివరణతో పోల్చాలి. మొదట్లో అందరూ తడబడేది తెలుపు నలుపుల దగ్గర. సీటీలో కనబడేది డెన్సిటీ, ఎందుకంటే అక్కడ కొలిచేది ఎక్స్‌రే ఎంత ఆగిందన్నది. ఆ కొలత హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఉంటుంది: నీటికి 0, గాలికి మైనస్ 1000. తెల్లగా ఉంటే హైపర్‌డెన్స్, నల్లగా ఉంటే హైపోడెన్స్ అంటారు. ఎమ్మారైలో కనబడేది సిగ్నల్, కాబట్టి హైపర్‌ఇంటెన్స్, హైపోఇంటెన్స్ అనాలి, ఏ సీక్వెన్స్‌లోనో (టీ1, టీ2 లాంటి బొమ్మ తీసే పద్ధతి) కూడా చెప్పాలి. టీ2లో తెల్లగా మెరిసే వెన్నుద్రవం టీ1లో నల్లగా ఉంటుంది. సీక్వెన్స్ చెప్పని వాక్యానికి అర్థమే లేదు. అల్ట్రాసౌండ్‌లో ఎకోజెనిక్, ఎక్స్‌రేలో ఒపేక్, లూసెంట్. ఎమ్మారై గురించి ‘హైపర్‌డెన్స్’ అని రాస్తే మనకి యంత్రమే అర్థం కాలేదని చదివేవాళ్లు అనుకుంటారు.

రిపోర్టులో రెండో గండం ఖాయం ఎంత అన్నది. ‘కన్‌సిస్టెంట్ విత్’ అంటే దాదాపు అదే. ‘సజెస్టివ్ ఆఫ్’ కొంచెం తక్కువ. ‘కెనాట్ బి రూల్డ్ అవుట్’ అంటే లేదని చెప్పలేం, అంతే. ఒక్కో డాక్టర్ ఒక్కోలా వాడతారు కాబట్టి మీ విభాగంలో అడిగి తెలుసుకోవాలి. ‘అన్‌రిమార్కబుల్’ అంటే బాగానే ఉందని. ‘ఇంటర్వల్ ఇంక్రీజ్’ అంటే పోయినసారి స్కాన్‌తో పోలిస్తే పెరిగిందని. అంకెలు కూడా మోసం చేస్తాయి. మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రే) ఫలితానికి ఇచ్చే బైరాడ్స్ అంకె 0 చూసి ఏమీ లేదనుకుంటారు. 0 అంటే పరీక్ష అసంపూర్తి, ఇంకా బొమ్మలు కావాలని. ఏమీ లేకపోతే అది 1. పేషెంటు ‘నాకు సున్నా వచ్చింది కదా, ఇంటికెళ్లొచ్చా’ అని అడిగినప్పుడు తల ఊపితే జరిగే నష్టం మామూలుది కాదు.

రేడియోపీడియాలో లోటు ఒకటే. అక్కడి కేసుల భాష శుభ్రంగా ఉంటుంది, మన ఓపీ చీటీలో కనిపించే పొట్టి అక్షరాల అడవి అందులో దొరకదు. అందుకే ఫైలు లేకుండా ఆ సైటు ఒక్కటే చాలదంటాను. స్పెల్లింగ్‌లూ చూసుకోవాలి. రక్తానికి సంబంధించిన పదాల్లో బ్రిటిష్ రాతకి ఏఈ, అమెరికన్ రాతకి ఒక్క ఈ. మన రిపోర్టుల్లో రెండూ కలిసే ఉంటాయి. సిస్టంలో పాత కేసులు వెతికేటప్పుడు రెండు విధాలా కొట్టకపోతే సగం దొరకవు.

గుర్తుపెట్టుకోవడానికి యాంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ చాలు. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. రోజుకి పది కొత్త కార్డులు మించొద్దు, ఎక్కువ పెడితే రివ్యూలు పేరుకుపోయి వదిలేస్తారు. విడి పదం కాకుండా ఫైల్లో కనబడిన ముక్క మొత్తాన్నీ కార్డు మీద పెట్టండి.

బయటి దేశం వెళ్లాలనుకునేవాళ్లకి ఈ ఫైలు చదువు నేరుగా పనికొస్తుంది. ఓఈటీలో (ఆరోగ్య రంగంవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) రేడియోగ్రఫీకి విడి పేపరు ఉంది. రైటింగ్‌కి 45 నిమిషాలు, మొదటి 5 చదవడానికే. కేస్ నోట్స్ ఇచ్చి 180 నుంచి 200 పదాల్లో ఉత్తరం రాయమంటారు. నోట్స్ అన్నీ మన రిక్వెస్టు ఫారంలా ముక్కలు ముక్కలుగా ఉంటాయి, అన్నీ ఉత్తరంలో అవసరం ఉండవు. సాధన చేసేటప్పుడు నోట్స్ పక్కన ‘ఉత్తరం అందుకునే మనిషికి ఇది కావాలా’ అని ఒక్కో లైనుకీ టిక్కు పెట్టుకుని, టిక్కు లేనివి కొట్టేసి, ఆ తర్వాతే పెన్ను పట్టించండి. యూకేలో రేడియోగ్రాఫర్‌గా రిజిస్టర్ కావడానికి ఐఈఎల్‌టీఎస్ దారిలో వెళ్తే మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకుండా రావాలి. అందులో ఇచ్చే వ్యాసం విషయాలు సాధారణమైనవి, ఈ ఫైలు సాధన అక్కడ అంతగా కలిసిరాదు. దానికి విడిగా వ్యాసాలు రాసి దిద్దించుకోవాలి.