విద్యార్థుల సంయుక్త సూక్ష్మదర్శిని: ఏడాది వాడకం తర్వాత

నమూనా వైపు నాలుగు వస్తుకటకాలు, కంటి వైపు 10 రెట్ల అక్షికటకం ఉన్న ఈ సూక్ష్మదర్శినిని ఏడాదిగా వాడుతున్నాను. అయోడిన్ వేసిన ఉల్లిపొరను 400 రెట్ల వృద్ధీకరణలో చూసినప్పుడు కణకవచాల గీతలూ, అంచుకు ఒత్తుకొని ఉన్న కేంద్రకమూ ఎంత స్పష్టంగా తేలాయంటే, 1665లో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ బెండుముక్కలో చూసినవి మృతకణాల ఖాళీ గదులేనన్న సంగతి గుర్తొచ్చి మనసు నిండిపోయింది. 1000 రెట్లకు కటకానికీ గాజుపలకకూ మధ్య నూనె చుక్క తప్పనిసరి. అది వేయకుండా కటకాన్ని నిందించడం న్యాయం కాదు. అయితే సూక్ష్మ సర్దుబాటు మర వదులుగా ఉండడంతో చేయి తీయగానే దృశ్యం మసకబారుతోంది, ఇది నిజమైన లోపమే. కణంలో ప్రోటీన్లను తయారుచేసే అతిచిన్న రేణువులైన రైబోజోములు కనబడతాయని ఆశించవద్దు: దాదాపు 0.2 మైక్రోమీటర్లకంటే దగ్గరగా ఉన్న బిందువులను సాధారణ కాంతి సూక్ష్మదర్శిని విడదీసి చూపలేదు కనుక వాటికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినే కావాలి. హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకులో కదిలే హరితరేణువులను చూడడానికి మాత్రం ఇది చక్కగా సరిపోతుంది.