నో-కోడ్ యాప్‌లో ప్రైవేట్ మెసేజింగ్: బబుల్, ఫ్లట్టర్‌ఫ్లో, గ్లైడ్‌లలో ఏది మేలు?

నో-కోడ్‌లో, అంటే కోడ్ రాయకుండా బబుల్, ఫ్లట్టర్‌ఫ్లో, గ్లైడ్ వంటి సాధనాలతో, యాప్ కట్టుకుంటున్నవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: ఇద్దరు యూజర్లు మాత్రమే చదువుకోగలిగే మెసేజింగ్‌ను దేనిలో కట్టుకోవాలి? చాట్ స్క్రీన్ తయారుచేయడం ఎక్కడైనా సులువే. అసలు తేడా మూడో వ్యక్తిని సర్వర్ దగ్గరే ఆపగలమా లేదా అన్నదానిలో ఉంది. ఎందుకంటే స్క్రీన్‌పై దాచిన మెసేజ్ అప్పటికే బ్రౌజర్‌కు చేరి ఉంటే, వచ్చిన డేటానంతా చూపే బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్ తెరవడం తెలిసిన ఎవరికైనా అది పొల్లుపోకుండా కనిపిస్తుంది.

బబుల్‌లో ఈ కాపలా పని ప్రైవసీ రూల్స్‌ది, అంటే ఏ డేటా ఎవరికి అందాలో చెప్పే షరతులది. ప్రతి మెసేజ్‌లోనూ సంభాషణలో ఉన్నవారి జాబితాను ఒక ఫీల్డ్‌గా ఉంచి, ఆ జాబితాలో కరెంట్ యూజర్ ఉంటేనే మెసేజ్ అందాలన్న షరతు రాసి, కింద మిగిలినవారందరికీ వర్తించే వరుసలో 'ఫైండ్ దిస్ ఇన్ సెర్చెస్', 'వ్యూ ఆల్ ఫీల్డ్స్' టిక్కులు తీసేస్తే, సంబంధం లేనివారికి ఆ మెసేజ్‌లు సర్వర్ నుంచే బయలుదేరవు. బ్యాకెండ్ వర్క్‌ఫ్లోలో (సర్వర్‌లో నడిచే పనుల వరుసలో) ప్రైవసీ రూల్స్‌ను పట్టించుకోవద్దనే టిక్కు కూడా ఉంటుంది కాబట్టి, దాన్ని అవసరమైన చోట తప్ప పెట్టకూడదు. ఇక 2023 నుంచి బబుల్ ఛార్జీలు వర్క్‌లోడ్‌ను, అంటే యాప్ సర్వర్‌తో చేయించే పనిని, బట్టి ఉంటున్నాయి. ఇన్‌బాక్స్‌లో ప్రతి సంభాషణకూ చివరి మెసేజ్‌ను సెర్చ్ చేసి తెచ్చే బదులు, దాన్ని సంభాషణ రికార్డులోనే రాసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

ఫ్లట్టర్‌ఫ్లోను సాధారణంగా గూగుల్ వారి డేటాబేస్ ఫైర్‌స్టోర్‌తో కలిపి వాడతారు. మొబైల్ యాప్, పుష్ నోటిఫికేషన్లు ముఖ్యమైతే దీని బలం కాదనలేనిది. ఫైర్‌స్టోర్ సెక్యూరిటీ రూల్స్ ఫిల్టర్లలా పనిచేయవు: అనుమతి లేని మెసేజ్‌లు కూడా వచ్చే అవకాశం ఉన్న క్వెరీని (డేటా కోసం పంపే అభ్యర్థనను) వడకట్టకుండా మొత్తంగా తిరస్కరిస్తాయి. ఈ కచ్చితత్వం మంచిదే కానీ, కొత్తవారు ఆ ఎర్రర్ చూసి కంగారుపడి, లాగిన్ అయిన ప్రతివారికీ చదివే అనుమతి ఇచ్చేస్తారు. యాప్ పనిచేస్తుంది, గోప్యత మాత్రం మిగలదు. పైగా రూల్‌లో సంభాషణ డాక్యుమెంట్‌ను తెచ్చి చూసుకుంటే, అది కూడా ఒక రీడ్‌గా (డేటాబేస్‌ను ఒకసారి చదివినట్టుగా) బిల్లులో చేరుతుంది.

గ్లైడ్‌లో పంపినవారి, అందుకునేవారి ఈమెయిల్ కాలమ్‌లు రెండింటినీ రో ఓనర్స్‌గా (ఆ వరుస ఎవరికి అందాలో చెప్పే కాలమ్‌లుగా) పెట్టాలి, ఫిల్టర్లను నమ్ముకోకూడదు. చిన్న బృందానికి అది చాలు. టాక్‌జేఎస్, స్ట్రీమ్ వంటి రెడీమేడ్ చాట్ సేవలు తొందరలో ఉన్నవారికి సరిపోతాయి, కానీ మెసేజ్‌లు ఉండేది వారి సర్వర్లలో.

వెబ్ యాప్ అయితే నేను బబుల్‌నే ఎంచుకుంటాను. ఎవరు ఏది చదవగలరన్నది అక్కడ ఒకే పేజీలో, చదివితే అర్థమయ్యే వాక్యంగా ఉంటుంది. కోడ్ రాయని మనిషి తన రూల్‌ను తానే సరిచూసుకోగలడు. ఏది ఎంచుకున్నా, విడుదలకు ముందు సంభాషణలో లేని మూడో ఖాతాతో లాగిన్ అయి, ఆ సంభాషణ లింకును నేరుగా తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మెసేజ్ పాఠం కోసం వెతకండి. ఒక్క మెసేజ్ దొరికినా విడుదల ఆపండి.