చిప్పా, అయస్కాంతమా: ఎవరి పట్టు గట్టిది?

2025 మే నెలలో షికాగోలోని ఫోర్డ్ ఫ్యాక్టరీ ఓ వారం మూతపడింది. సమ్మె లేదు, గిరాకీ తగ్గలేదు. ఎక్స్‌ప్లోరర్ కార్లకు కావలసిన అయస్కాంతాలు చైనా నుంచి రాలేదు, అంతే. ఆ నెలాఖరులోనే జపాన్‌లో సుజుకి స్విఫ్ట్ తయారీ కూడా ఆగింది. ఏడు రకాల రేర్ ఎర్త్ మూలకాలను, వాటితో చేసే అయస్కాంతాలను లైసెన్స్ లేనిదే దేశం దాటించకూడదని చైనా చెప్పింది ఏప్రిల్ 4న. రెండు నెలలైనా తిరగలేదు, దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

అమెరికా దెబ్బ ఇలా ఉండదు. 2022 అక్టోబర్ 7న, తమ దేశపు ఎన్విడియా కంపెనీ చేసే ఏ100, హెచ్100 లాంటి ఏఐ చిప్‌లనూ, చిప్‌లు చేసే మేలురకం యంత్రాలనూ చైనాకు అమ్మకుండా నిబంధనలు పెట్టింది. ఆ వారం చైనాలో ఏ కార్ల ఫ్యాక్టరీ మూతపడలేదు, ఏ దుకాణం ఖాళీ కాలేదు. నొప్పి తెలియడానికి ఏళ్లు పట్టే దెబ్బ అది.

ఒకరి జుట్టు ఒకరి చేతిలో ఉంది, సరే. ఈ రెండింట్లో ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకోవాలి? చాలామంది అయస్కాంతం అంటున్నారు, ఫోర్డ్ కథ చూశాక. నాకు అంత తేలిగ్గా అనిపించడం లేదు.

ముందు చిప్ సంగతి. అమెరికా అసలు పట్టు చిప్‌లో లేదు, చిప్‌ను ముద్రించే యంత్రంలో ఉంది. దాన్ని ఈయూవీ యంత్రం అంటారు. ప్రపంచం మొత్తం మీద చేసేది ఒక్క కంపెనీ, నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్ ఊళ్లో ఉన్న ఏఎస్ఎంఎల్. కరిగిన తగరపు బొట్లు జారుతుంటే, సెకనుకు 50 వేల బొట్ల చొప్పున లేజర్‌తో కొడతారు. అప్పుడు పుట్టే 13.5 నానోమీటర్ల కాంతిని అద్దాల మీదుగా నడిపించి సిలికాన్ పలక మీద గీతలు గీస్తారు. లేజర్ జర్మనీలోని ట్రంఫ్‌ది, అద్దాలు జర్మనీలోనే జైస్‌వి, కాంతిని పుట్టించే భాగం శాన్‌డియాగోలో సైమర్ చేసింది. ఆ సైమర్‌ను ఏఎస్ఎంఎల్ 2013లో కొనేసింది. డచ్ యంత్రం గురించి వాషింగ్టన్ మాట చెల్లడానికి ఇదో పెద్ద కారణం. చైనాకు ఇప్పటివరకు ఒక్క ఈయూవీ యంత్రం కూడా అమ్మలేదు. డచ్ ప్రభుత్వం 2019 నుంచీ దానికి లైసెన్స్ ఇవ్వలేదు.

డబ్బు పోస్తే వచ్చేది కాదిది. నాలుగైదు దేశాల కంపెనీలు ముప్పై ఏళ్లు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నేర్చుకున్న పని.

అయితే మనుషులు సందు వెతుక్కోకుండా ఊరుకుంటారా? పాత రకం డీయూవీ యంత్రాలను చైనా ఎగబడి కొంది. 2024లో ఏఎస్ఎంఎల్ అమ్మకాల్లో మూడో వంతుకు పైగా చైనాకే. ఆ యంత్రాలతోనే ఒక గీతను పదేపదే ముద్రించి, చైనా చిప్ కంపెనీ ఎస్ఎంఐసీ 7 నానోమీటర్ల రకం చిప్ చేసింది. 2023 ఆగస్టు 29న, అమెరికా వాణిజ్య మంత్రి జీనా రైమాండో చైనాలో ఉండగానే, చైనా కంపెనీ హువావే ఆ చిప్‌తో మేట్ 60 ప్రో ఫోన్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ ముహూర్తం ఎవరు పెట్టారో గానీ, ఎగతాళి అందరికీ అర్థమైంది. 2025 జనవరిలో డీప్‌సీక్ అనే చైనా కంపెనీ ఏఐ వచ్చింది, తక్కువ ఖర్చుతో చేశామంది. జనవరి 27న ఒక్క రోజే ఎన్విడియా మార్కెట్ విలువలో దాదాపు 600 బిలియన్ డాలర్లు ఆవిరయ్యాయి.

దాంతో ఆంక్షలు అట్టర్ ఫ్లాప్ అన్న మాట మొదలైంది. ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ కూడా అదే అన్నారు. ఆయన సరుకు అమ్ముకునేవాడు, ఇంకేం అంటారు? డీప్‌సీక్ పెట్టిన లియాంగ్ వెన్‌ఫెంగ్ మాత్రం అంతకు ముందే వేరే మాట చెప్పాడు: మాకు డబ్బు ఎప్పుడూ కొరత కాదు, మంచి చిప్‌లు రాకపోవడమే ఇబ్బంది అని. పోటీలో ఉన్నవాడి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను. హువావే ఏకంగా 384 చిప్‌లను ఒక గుత్తిగా కట్టి ఏఐ యంత్రం చేసిందంటే అది గొప్పే. ఒక్కో చిప్‌లో సత్తా చాలకే అన్నిటిని కట్టాల్సి వచ్చిందన్నదీ నిజమే. కరెంటు కూడా తెగ తాగుతుంది.

ఇక అయస్కాంతం. రేర్ ఎర్త్ అన్న పేరు విని ఇవేవో దొరకని లోహాలనుకుంటాం గానీ, మన్నులో బాగానే ఉంటాయి. కష్టమంతా విడదీయడంలో. రసాయన గుణాల్లో ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి, వందల తొట్లలో ద్రావణాలను మార్చి మార్చి నడిపిస్తే తప్ప వేరుపడవు. యాసిడ్ నీళ్లు, కొన్ని ఖనిజాల్లోనైతే రేడియోధార్మిక వ్యర్థాలు మిగులుతాయి. ఆ మురికి మాకెందుకని మిగతా దేశాలు తప్పుకున్నాయి, చైనా నెత్తికెత్తుకుంది. ఇప్పుడు శుద్ధి చేసే పనిలో దాదాపు 90 శాతం చైనాదే. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గనిలో తవ్విన సరుకులో చాలా భాగం కూడా 2025 ఏప్రిల్ దాకా శుద్ధి కోసం చైనాకే వెళ్లేదంటే ఇంకేం చెప్పాలి!

పైగా అయస్కాంతాల విద్య అమెరికా దగ్గర లేక కాదు. జనరల్ మోటార్స్‌కు ఇండియానాలో మాగ్నెక్వెంచ్ అనే కంపెనీ ఉండేది. 1995లో దాన్ని చైనా కంపెనీలున్న ఒక బృందానికి అమ్మేశారు. తర్వాత ఫ్యాక్టరీ పనీ చైనాకు తరలిపోయింది. ఒక ఎఫ్-35 యుద్ధ విమానానికి 400 కిలోలకు పైగా రేర్ ఎర్త్ పదార్థాలు కావాలి. ఆ రోజు చెక్కు మీద సంతకం పెట్టినవాళ్లకు ఈ లెక్క తట్టలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించే పెద్ద తేడా ఒకటే. చైనా తాళం ఒక్క చేతిలో ఉంది. బీజింగ్‌లో ఒక కార్యాలయం ఫైలు పక్కన పెడితే చాలు, షికాగోలో పని ఆగుతుంది. అమెరికా తాళం నలుగురి చేతుల్లో ఉంది. నెదర్లాండ్స్, జపాన్, తైవాన్ ఒప్పుకోవాలి, వాళ్ల కంపెనీలు నష్టానికి సిద్ధపడాలి. చిప్ అరచేతిలో పట్టే వస్తువు, దొంగదారిన పోతుంది. అలాంటి కేసులు అమెరికా కోర్టుల్లోనే నడిచాయి. అసలు సరిహద్దు దాటకుండా వేరే దేశంలోని డేటా సెంటర్‌ను అద్దెకు తీసుకున్నా పని జరిగిపోతుంది.

మరి చైనా తాళం ఎన్నాళ్లు నిలుస్తుంది? దీనికి జపాన్ అనుభవం చూడాలి. 2010లో, చైనా, జపాన్ రెండూ మావంటే మావనే సెంకాకు దీవుల దగ్గర పడవల గొడవ తర్వాత చైనా నుంచి జపాన్‌కు రేర్ ఎర్త్ రావడం ఆగిపోయింది. మరుసటి ఏడాదే జపాన్ ఆస్ట్రేలియాలో రేర్ ఎర్త్ తవ్వే లైనస్ కంపెనీకి డబ్బు పెట్టింది. చైనా మీద ఆధారం దాదాపు 90 శాతం నుంచి 60 దగ్గరికి దిగింది. పదేళ్లకు పైనే పట్టింది, ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది, నిజమే. అయినా దారి ఉందని తేలింది. అమెరికా రక్షణ శాఖ 2025 జులైలో మౌంటెన్ పాస్ నడిపే ఎంపీ మెటీరియల్స్‌లో 400 మిలియన్ డాలర్ల వాటా తీసుకుంది, సరుకుకు కనీస ధర కూడా హామీ ఇచ్చింది.

ఆ సెగ మనకూ తగిలింది. మన విద్యుత్ స్కూటర్ల కంపెనీలు అదే ఏడాది అయస్కాంతాల కోసం అల్లాడాయి. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా ఒడ్డున కనిపించే నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేర్ ఎర్త్ ఉంది, రేడియోధార్మిక థోరియం కూడా ఉంది కాబట్టి అది అణుశక్తి శాఖ కనుసన్నల్లోనే ఉంటుంది. విశాఖలో 2023లో ప్రారంభించిన అయస్కాంతాల ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 3 వేల కిలోలు. 2025 నవంబర్‌లో కేంద్రం 7,280 కోట్లతో ఒప్పుకున్న పథకం లక్ష్యం ఏడాదికి 6 వేల టన్నులు. కిలోలకూ టన్నులకూ మధ్య ఉన్న దూరమే మన పరిస్థితి.

నా ఓటు చెప్పేస్తాను. రేపటి బేరానికి వెళ్లాలంటే అయస్కాంతమే మేలు, సందేహం లేదు. పదిహేనేళ్ల ముందుచూపుతో ఎదుటివాణ్ని వెనక ఉంచాలంటే చిప్ యంత్రాలే మేలు. అమెరికా చేసిన తప్పు ఏమిటంటే, పదిహేనేళ్ల ఆయుధాన్ని రేపటి బేరానికి వాడటం. చైనా కోసమే సత్తా తగ్గించి ఎన్విడియా చేసిన హెచ్20 చిప్‌లను కూడా 2025 ఏప్రిల్‌లో ఆపింది. ఆగస్టుకల్లా, అమ్మకాల్లో 15 శాతం మాకిస్తే అమ్ముకోండి అంది. డిసెంబర్‌లో అంతకంటే శక్తిమంతమైన హెచ్200కు 25 శాతం అంది. దేశ భద్రతకు ముప్పు అన్న వస్తువు కమీషన్ ఇస్తే ముప్పు కాకుండా పోతుందా? ఈలోగా చైనా అధికారులు, హెచ్20లో రహస్యంగా చొరబడే దొంగ తలుపులున్నాయేమో చెప్పమని ఎన్విడియానే పిలిచి అడిగారు. యంత్రాల మీద పట్టు మాత్రం ఇంకా సడలలేదు, అమెరికాకు మిగిలిన అసలు బలం అదే.

చైనా కూడా ఒకసారి చెయ్యి ఎక్కువ చాచింది. 2025 అక్టోబర్ 9న మరో ఐదు మూలకాలను చేర్చి, తమ రేర్ ఎర్త్ 0.1 శాతం విలువ మేర ఉన్న విదేశీ సరుకుకూ తమ అనుమతి కావాలంది. అక్టోబర్ 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక ఆ నిబంధనలు 2026 నవంబర్ 10 దాకా అటకెక్కాయి. షికాగో ఫ్యాక్టరీని ఆపిన ఏప్రిల్ నాటి లైసెన్స్ మాత్రం అలాగే ఉంది.