ఒకే టెంప్లేట్‌తో ఆరేళ్లు

సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పే పుస్తకాలు ఇంగ్లీషులో రాస్తుంటాను. అవి నాలుగు భాషల్లోకి వెళ్తాయి. అందులో తెలుగు అనువాదం నాదే. అంటే రాసేటప్పుడు చేసిన పాపం మూడు నెలలు తిరక్కుండా నా బల్ల మీదికే వస్తుంది. మేం వాడేది లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత రాత సాఫ్ట్‌వేర్‌లో మా బృందం తయారు చేసుకున్న టెంప్లేట్, అంటే అక్షరాలు, పేజీల తీరు ముందే అమర్చిపెట్టిన నమూనా ఫైలు. దాన్ని ఓటీటీ ఫైలు అంటారు. సినిమాలు చూసే ఓటీటీ కాదు, ఓపెన్‌డాక్యుమెంట్ టెక్స్ట్ టెంప్లేట్. అనువాదం ఒమేగాటీలో చేస్తాం. పాఠ్యాన్ని వాక్యాల ముక్కలుగా (సెగ్మెంట్లుగా) విడదీసి, ఒక్కోదాని కింద అనువాదం రాయించే సాఫ్ట్‌వేర్ అది.

మొదటి పుస్తకం ఏ టెంప్లేటూ లేకుండానే రాశాను. శీర్షిక కావాలంటే బోల్డ్ చేసి సైజు పెంచడం, కొత్త పేజీ కావాలంటే ఎంటర్ కొట్టుకుంటూ పోవడం. పేజీ మీద చక్కగానే కనిపించింది. ఒమేగాటీలో తెరిచాక తెలిసింది అసలు సంగతి. లైను అందంగా విరగాలని వాక్యం మధ్యలో ఎంటర్ కొట్టిన చోటల్లా అది రెండు సెగ్మెంట్లయింది. 'క్లిక్ ద సేవ్ బటన్' ఒకటి, 'టు స్టోర్ ద ఫైల్' ఇంకొకటి. తెలుగులో 'ఫైలు దాచడానికి' ముందు రావాలి, 'సేవ్ బటన్ నొక్కండి' తర్వాత రావాలి. మొదటి ముక్క కింద రెండోదాని అర్థం, రెండోదాని కింద మొదటిది రాస్తే పుస్తకం వరకు గండం గడుస్తుంది. కానీ ఆ తలకిందుల జత ట్రాన్స్‌లేషన్ మెమరీలో, అంటే పాత అనువాదాలను దాచుకునే ఖజానాలో కూర్చుంటుంది. ఏడాది తర్వాత ఇంకో పుస్తకంలో అదే ముక్క ఎదురైతే, నూటికి నూరు సరిపోయిందంటూ ఆ తప్పునే వడ్డిస్తుంది. నాకు రెండుసార్లు వడ్డించింది.

టెంప్లేట్ వచ్చాక ఆ బెడద చాలావరకు పోయింది. అధ్యాయం శీర్షిక స్టైల్‌లోనే (స్టైల్ అంటే ఫాంటు, సైజు, ఎడం లాంటివన్నీ ఒక పేరు కింద కట్టిన మూట) 'ముందు కొత్త పేజీ' అని ఉంది కాబట్టి ఎంటర్‌తో పని లేదు. మెనూల పేర్లకు ఒక క్యారెక్టర్ స్టైల్ (పేరా మొత్తానికి కాక కొన్ని మాటలకే వేసేది), కీబోర్డు మీటలకు ఇంకొకటి. వీటివల్ల కూడా ఒమేగాటీలో వాక్యం మధ్య బూడిద రంగు ట్యాగులు, అంటే ఫార్మాటింగ్ ఎక్కడ మారిందో చెప్పే గుర్తులు వస్తాయి, కాదనను. కానీ వాక్యానికి ఒకటో రెండో, అదీ అర్థమున్న చోట. చేత్తో బోల్డ్ చేసి, మళ్లీ తీసి, ఖాళీ స్పేస్‌ను కూడా బోల్డ్‌లో వదిలేసిన వాక్యంలో మాటలకంటే ట్యాగులే ఎక్కువ.

ఇక తిట్లు. టెంప్లేట్ చేసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాన్ని మాత్రమే చూసి చేశారు. లైన్ల ఎడం కచ్చితంగా ఇన్ని పాయింట్లని బిగించేశారు. తెలుగు పోసేసరికి 'శాస్త్రం' కింద వత్తులు తెగాయి, పైన గుడులు ఎగిరిపోయాయి. ఎడాన్ని 'కనీసం' అని మారిస్తే సర్దుకుంది. ఇంకో సంగతి కనిపెట్టడానికి నాకు వారం పట్టింది. రైటర్ స్టైల్‌లో పాశ్చాత్య లిపులకు ఒక ఫాంటూ సైజూ, తెలుగు లాంటి లిపులకు వేరే ఫాంటూ సైజూ ఉంటాయి. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే ఇంగ్లీషులో పెద్దగా ఉన్న శీర్షికలు తెలుగులో మామూలు పేరాల సైజుకు కుంచించుకుపోయాయి. అనువాదం కోసమే పుట్టిన టెంప్లేట్‌ను ఒక్క వేరే లిపితోనైనా పరీక్షించకుండా వదలడం నాకిప్పటికీ మింగుడుపడదు.

స్టైళ్ల సంఖ్య కూడా ఎక్కువే. ఎఫ్11 నొక్కితే అరవైకి పైగా వరసకట్టేవి. నేను వాడేవి పద్నాలుగు. మిగతావి పీకేశాక కొత్తగా చేరిన రచయితలు తికమకపడటం తగ్గింది.

వేరేచోటి నుంచి కాపీ చేసి పేస్ట్ చేసేవాళ్లను మాత్రం ఏ టెంప్లేటూ ఆపలేదు. మామూలుగా పేస్ట్ చేస్తే ఆ ఫైలు స్టైళ్లూ చుట్టాల్లా వెంట వచ్చేస్తాయి. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, వీ కలిపి నొక్కితే వట్టి పాఠ్యమే వస్తుంది. ఇప్పుడు అందరికీ మొదటిరోజే నేర్పిస్తున్నాను. 2023లో వచ్చిన లిబ్రేఆఫీస్ 7.6 వెర్షన్ నుంచి స్టైళ్లనీ, చేత్తో చేసిన ఫార్మాటింగ్‌నీ పేజీ మీదే ఎత్తిచూపే సదుపాయం ఉంది. అనువాదానికి పంపేముందు ఒకసారి అది వేసి చూస్తాను. దొంగ బోల్డ్‌లు అక్కడే దొరుకుతాయి.

చివరిది నా సొంత నిర్వాకం. టెంప్లేట్ మార్చాక, దాంతో మొదలుపెట్టిన ఫైలు తెరిస్తే 'స్టైళ్లు అప్‌డేట్ చేయనా, పాతవే ఉంచనా' అని అడుగుతుంది. హడావుడిలో నాలుగో అధ్యాయానికి 'పాతవే' నొక్కాను. ఒకసారి అలా నొక్కితే ఆ ఫైలు మళ్లీ అడగదు. పుస్తకంలో పన్నెండు అధ్యాయాలుంటే పదకొండిటికి కొత్త లైన్ల ఎడం వచ్చింది, నాలుగోదానికి వత్తులు తెగుతూనే ఉన్నాయి. టెంప్లేట్ ఛేంజర్ అనే ఎక్స్‌టెన్షన్‌తో (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఆ ఫైలును టెంప్లేట్‌కు తిరిగి కట్టొచ్చని తర్వాత తెలిసింది. అప్పటికే ఆ అధ్యాయాన్ని కొత్త ఫైలులో పోసి, శీర్షికలన్నిటికీ ఒక్కొక్కటిగా స్టైల్ వేసుకుంటూ ఒక ఆదివారం గడిపేశాను.

పది పేజీల కరపత్రానికి ఇంత తంతు దండగ. పుస్తకం రెండో ముద్రణకు వెళ్తుందన్నా, రెండో భాషలోకి వెళ్తుందన్నా నేనైతే టెంప్లేట్ లేకుండా మొదటి పేజీ కూడా తెరవను.